సూరింజాన్ దుంప – పరీక్షకు నిలిచిన మందు

కీళ్ళనొప్పి లేని ఇల్లు మన మొహల్లాలలో వెతికినా దొరకదు. పెద్దవాళ్ళు గోడ పట్టుకొని లేవడం, మస్జిదులో కుర్చీ మీద కూర్చొని నమాజు చేసేవారి వరుస ఏటేటా పొడుగు కావడం మనమందరం చూస్తున్నదే. ఒకరు ‘ఘుట్నోంకా దర్ద్’ అంటారు, ఒకరు ‘మోకాళ్ళు పట్టేసినయ్’ అంటారు. మాట ఏదైనా బాధ ఒక్కటే. ఈ బాధ పోగొట్టుకోవడానికి చేతిలో ఉన్న నాలుగు డబ్బులు ఖర్చు పెట్టని పేద కుటుంబం ఉండదంటే అతిశయోక్తి కాదు.

ఈ బాధకు మన హకీములు వెయ్యేళ్ళకు పైగా ఇస్తూ వచ్చిన మందు ఒకటుంది. దాని పేరు సూరింజాన్. ఆ దుంప ఎక్కడిది, ఎవరు వాడారు, ఎవరు పరీక్షించారు, పరీక్షలో ఏం తేలింది అన్న చరిత్రను ఈ సంచికలో పాఠకుల ముందు ఉంచుతున్నాము. ఇది ఒక మొక్క కథే అయినా, మన పూర్వీకుల విజ్ఞానాన్ని మనం ఎలా గౌరవించాలి అన్న ప్రశ్నకు ఇందులో జవాబు ఉందని మా నమ్మకం.

విషమూ అదే, మందూ అదే

నల్లసముద్రానికి తూర్పు తీరాన, నేటి జార్జియా దేశంలో, పూర్వం కోల్కిస్ అనే రాజ్యం ఉండేది. ఆ పేరు మీదనే గ్రీకులు ఈ మొక్కను ‘కోల్కికాన్’ అన్నారు. ఐరోపాలోని పచ్చిక బయళ్ళలో పెరిగే రకం చూడ్డానికి వింతగా ఉంటుంది. ఆకులన్నీ రాలిపోయిన తర్వాత, శరదృతువులో, నేలలోంచి ఊదారంగు పువ్వు ఒక్కటే లేచి నిలబడుతుంది. మన దేశంలో కాశ్మీరు, పశ్చిమ హిమాలయ ప్రాంతాలలో పసుపు పువ్వు పూసే దీని చుట్టం ఒకటి ఉంది. నేలలో ఉండే దుంపే మందు. అత్తార్ దుకాణాలలో ఇది రెండు రకాలుగా దొరుకుతుంది: సూరింజాన్ షీరీన్ అంటే తియ్యనిది, సూరింజాన్ తల్ఖ్ అంటే చేదుది. హకీములు తియ్యని రకాన్ని లోపలికి ఇస్తారు, చేదు రకాన్ని పైపూతకు వాడుతారు. ఈ తేడా ఊరికే పెట్టింది కాదు. చేదు రకంలో విషం ఎక్కువ.

ఒకటవ శతాబ్దానికి చెందిన గ్రీకు వైద్యుడు డయాస్కోరిడిస్ ఈ మొక్కను గూర్చి రాసినప్పుడు ఇది ప్రాణం తీస్తుందని హెచ్చరించాడు. కీళ్ళనొప్పికి దీన్ని మందుగా వాడమని స్పష్టంగా చెప్పిన తొలి వైద్యులలో ఆరవ శతాబ్దపు అలెగ్జాండర్ ఒకడు. ఇతడు నేటి తుర్కీలోని ట్రాలిస్ అనే ఊరివాడు. ఇస్తాంబులులోని ఆయా సోఫియా కట్టడాన్ని రూపకల్పన చేసిన ఆంథిమియస్ ఇతని సోదరుడే. ఒక సోదరుడు కట్టింది ఈనాటికీ నిలిచి ఉన్నది, ఇంకొక సోదరుడు రాసిన మందు ఈనాటికీ వాడుకలో ఉన్నది.

బగ్దాదులో తొమ్మిదవ శతాబ్దంలో గ్రీకు వైద్య గ్రంథాలు అరబ్బీలోకి వచ్చాయి. డయాస్కోరిడిస్ గ్రంథం కూడా అలా వచ్చినదే. మన హకీములు కీళ్ళనొప్పిని ‘వజవుల్ మఫాసిల్’ అన్నారు. అందులోనే కాలి బొటనవేలు ఎర్రగా వాచి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేని జబ్బును వేరుగా గుర్తించి ‘నిఖ్రిస్’ అని పేరు పెట్టారు. దాన్నే ఇంగ్లీషు వైద్యంలో గౌటు అంటున్నారు. ఈ రెంటికీ వారు సూరింజాన్ ఇచ్చారు. అయితే అది పొట్టకు చెరుపు చేస్తుందని వారికి తెలుసు. కనుకనే ఒంటరిగా ఇవ్వకుండా ఇతర దినుసులతో కలిపి ఇచ్చేవారు. నేటికీ తయారవుతున్న మాజూన్ సూరింజాన్‌లో సొంఠి, సునాముఖి వంటివి చేరుతాయి.

పరీక్ష మనకు పరాయిది కాదు

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. “మన మందులకు పరీక్షలెందుకు, వెయ్యేళ్ళ అనుభవం చాలదా” అని కొందరు పెద్దలు అంటుంటారు. వారి అభిమానాన్ని మేము అర్థం చేసుకోగలము. కాని ఆ వెయ్యేళ్ళ కింది మహానుభావులు ఏమనుకున్నారో చూద్దాం.

అబూబకర్ అల్ రాజీ పదవ శతాబ్దం తొలి నాళ్ళలో బగ్దాదు, రయ్ నగరాలలో పెద్ద దవాఖానాలు నడిపిన వైద్యుడు. సర్సాం జబ్బులో రక్తం తీయడం మేలు చేస్తుందా లేదా అన్న సందేహం ఆయనకు వచ్చింది. ఏం చేశాడయ్యా అంటే, కొందరు రోగులకు రక్తం తీశాడు, ఇంకొందరికి కావాలనే తీయకుండా వదిలి, రెండు గుంపులనూ పోల్చి చూశాడు. ఈనాడు ఏ వైద్య కళాశాలలోనైనా చెప్పే పాఠానికి విత్తనం ఇదే గదా!

ఇబ్నె సీనా (980–1037) తన ‘అల్ ఖానూన్’ రెండవ భాగంలో, కొత్త మందును పరీక్షించడానికి ఏడు షరతులు పెట్టాడు. మందు కల్తీ లేకుండా దాని సహజ స్థితిలో ఉండాలి. అనేక జబ్బులు కలిసినవానిపై కాక ఒక్క జబ్బు ఉన్నవానిపై చూడాలి. స్వభావంలో ఒకదానికొకటి విరుద్ధమైన రెండు జబ్బులపై చూడాలి. మందు బలం జబ్బు బలానికి తగినట్టు ఉండాలి. ఎంత సేపటికి పని చేసిందో కనిపెట్టాలి. ఫలితం ఎప్పుడూ ఒకేలా రావాలి, ఒకసారి వచ్చి ఒకసారి రాకపోతే అది కాకతాళీయం. చివరగా, పరీక్ష మనిషి శరీరం మీదనే జరగాలి, సింహం మీదనో గుర్రం మీదనో చేసింది చాలదు. ఇంత వివరంగా పరీక్షించమన్న వారి పేరు చెప్పుకొని “పరీక్ష వద్దు” అనడం వారికి చేసే గౌరవం కాదు. 

రహస్యపు నీళ్ళు

తర్వాతి కాలంలో ఐరోపాలో ఈ దుంప వాడకం తగ్గింది. విషమన్న భయమే దానికి ముఖ్య కారణం. 1763లో వియన్నా నగర వైద్యుడు స్టోర్క్ దీన్ని కొద్ది కొద్దిగా తాను స్వయంగా తిని చూసి, ఒళ్ళు నీరుపట్టే జబ్బుకు వాడవచ్చని పుస్తకం రాశాడు. కీళ్ళకు మాత్రం ఇది తిరిగి వచ్చింది ఒక వ్యాపారి చేతి మీదుగా.

ఫ్రాన్సులో హుస్సోన్ అనే సైనికోద్యోగి పద్ధెనిమిదవ శతాబ్దం చివర ‘ఔషధ జలం’ అనే అర్థం వచ్చే పేరుతో ఒక సీసా అమ్మసాగాడు. అందులో ఏముందో చెప్పలేదు. కాని గౌటు రోగులకు గుణం కనిపించింది. కీర్తి ఇంగ్లండు దాకా పాకింది. అక్కడి రాయల్ సొసైటీ అధ్యక్షుడైన జోసెఫ్ బ్యాంక్స్ అంతటి శాస్త్రజ్ఞుడు కూడా గౌటు బాధ భరించలేక ఆ నీళ్ళు తాగినవాడే. చివరకు 1814లో లండను వైద్యుడు జాన్ వాంట్ గుట్టు విప్పాడు. ఆ సీసాలో ఉన్నది కోల్చికం, అంటే మన సూరింజాన్ కుటుంబపు మొక్కే! గ్రంథాలలో బాహాటంగా రాసిపెట్టిన మందును దాచిపెట్టి ఒకడు సొమ్ము చేసుకున్నాడన్న మాట.

1820లో పారిస్‌లో పెల్తియే, కవంతూ అనే ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు దుంపలోని అసలు సత్తువను వేరు చేశారు. మలేరియాకు మందైన క్వినైన్‌ను సింకోనా బెరడు నుండి తీసింది కూడా వీరే, ఆ సంవత్సరమే. 1833లో జర్మనీకి చెందిన గైగర్ దీనికి ‘కాల్చిసిన్’ అని పేరు పెట్టాడు. ఇక్కడినుండి దుంప పోయి మాత్ర వచ్చింది. ఏ దుంపలో సత్తువ ఎంతో తెలియని రోజులు పోయి, మిల్లీగ్రాముల లెక్క వచ్చింది.

పనిచేస్తుందా, లేదా?

పాఠకులకు ఆశ్చర్యం కలిగించే సంగతి ఇది. ఆరవ శతాబ్దం నుండి వాడుతున్న ఈ మందు నిజంగా పనిచేస్తుందా అని గౌటు రోగుల మీద పద్ధతి ప్రకారం తొలిసారి పరీక్షించింది 1987లో. అప్పటిదాకా “అందరికీ తెలుసు గదా” అన్న ధీమాతోనే నడిచింది.

అసలు ఈ జబ్బులో ఒక చిక్కు ఉంది. గౌటు నొప్పి ఎంత భయంకరంగా వచ్చినా, ఏ మందూ వేసుకోకపోయినా, సాధారణంగా వారం పదిరోజులలో దానంతటదే తగ్గుతుంది. అంచేత అయిదో రోజున ఎవరు ఏ పొడి ఇచ్చినా ఏడో రోజుకు వాడు గొప్ప వైద్యుడైపోతాడు! ఊరూరా కీళ్ళ మందులు అమ్మేవారి కీర్తికి సగం కారణం ఇదే. ఈ భ్రమ తొలగాలంటే కొందరికి అసలు మందు, కొందరికి చూడ్డానికి అలాగే ఉండే ఉత్తి మాత్ర ఇవ్వాలి. ఎవరికి ఏది వస్తుందన్నది చీటీలు తీసినట్టు నిర్ణయించాలి. తాను మింగుతున్నది ఏదో రోగికీ తెలియకూడదు, ఇచ్చే వైద్యుడికీ తెలియకూడదు. మేము తరగతిలో పిల్లలకు ఈ సంగతి చెప్పేటప్పుడు, పరీక్ష పేపరు మీద పేరు కనపడకుండా దిద్దించడంతో పోలుస్తాము. దిద్దేవాడికి పిల్లవాడెవరో తెలిస్తే కలం తనంతట తనే అటో ఇటో మొగ్గుతుంది గదా!

1987 నాటి పరీక్ష ఆస్ట్రేలియాలో జరిగింది. రోగులు 43 మంది. రెండు రోజులు గడిచేసరికి కాల్చిసిన్ తీసుకున్నవారిలో మూడింట రెండు వంతుల మందికి గుణం కనిపించింది. ఉత్తి మాత్ర తీసుకున్నవారిలో మూడింట ఒక వంతుకే కనిపించింది. అంటే హకీముల మాట నిలిచింది! కాని రెండో సంగతి కూడా తేలింది. కాల్చిసిన్ తీసుకున్న ప్రతి ఒక్కరికీ విరేచనాలో వాంతులో పట్టుకున్నాయి. అప్పటి పద్ధతి అలాంటిది. నొప్పి తగ్గేదాకానో, కడుపు కదిలేదాకానో గంట గంటకు మాత్ర ఇస్తూ పోవడమే.

అప్పుడు పుట్టిన ప్రశ్న: అంత మోతాదు అవసరమా? దీనికి 2010లో ప్రచురించిన అమెరికా పరీక్ష జవాబు చెప్పింది. 184 మంది గౌటు రోగులను మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు ఆరు గంటలలో 4.8 మిల్లీగ్రాములు, ఇంకొక గుంపుకు ఒక గంటలో 1.8 మిల్లీగ్రాములు, మూడో గుంపుకు ఉత్తి మాత్రలు. ఒక రోజు గడిచేసరికి నొప్పి సగానికి సగం తగ్గినవారు పెద్ద మోతాదులో నూటికి సుమారు 33, చిన్న మోతాదులో నూటికి సుమారు 38, ఉత్తి మాత్రలో నూటికి 15 లేక 16. విరేచనాలు మాత్రం పెద్ద మోతాదులో నూటికి 77 మందికి, చిన్న మోతాదులో 23 మందికి. చూశారా! ఎక్కువ మింగితే లాభం పెరగలేదు, బాధ మాత్రం మూడింతలకు పైగా పెరిగింది.

మా దృష్టిలో ఈ చరిత్ర మొత్తంలో ముఖ్యమైన మలుపు ఇదే. పొట్టకు చెరుపు అన్న పాత హెచ్చరిక నిజమైంది. మందు పనిచేస్తుందన్న పాత మాటా నిజమైంది. ఎంత చాలు అన్నది మాత్రం అనుభవం చెప్పలేకపోయింది, లెక్క చెప్పింది.

ఎలా పనిచేస్తుందో కూడా ఇప్పుడు తెలిసింది. రక్తంలో యూరిక్ ఆమ్లం ఎక్కువై సూదుల్లాంటి స్ఫటికాలుగా కీలులో పేరుకుంటుంది. ఆ స్ఫటికాలను కీలు నీటిలో గుర్తించింది 1961లో. వాటిపై యుద్ధానికి తెల్లకణాలు గుంపుగా పరుగెత్తి రావడం వల్లనే వాపు, మంట. కాల్చిసిన్ ఆ కణాల కదలికను అడ్డుకుంటుంది. కాని యూరిక్ ఆమ్లాన్ని తగ్గించదు. అందుకు వేరే మందు, వేరే పథ్యం కావాలి. నొప్పి పోయింది గదా అని జబ్బు పోయిందనుకోరాదు.

మోకాళ్ళ సంగతి వేరు

సూరింజాన్ గెలిచింది గౌటులో. మరి మస్జిదులో కుర్చీల మీద కూర్చునే మన పెద్దలలో చాలామందికి ఉన్నది గౌటు కాదు, కీళ్ళ అరుగుదల. వయసుతో, బరువుతో మోకాలి ఎముకల మధ్య మెత్తన అరిగిపోయే జబ్బు ఇది. దీనికీ కాల్చిసిన్ పనిచేస్తుందేమోనని పరీక్షలు జరిగాయి. 2002లో మన దేశ వైద్యులు కొద్దిమంది రోగులపై చూసి మేలు కనబడిందన్నారు. ఆశ పుట్టింది. కాని 2018లో ప్రచురించిన సింగపూరు పరీక్షలో, 109 మందికి 16 వారాలు ఇచ్చి చూస్తే, ఉత్తి మాత్రకూ దీనికీ తేడా లేకపోయింది. మందు మంచిదే, జబ్బు వేరు. తాళం చెవి మంచిదైనంత మాత్రాన ప్రతి తాళమూ తెరుచుకోదు.

అరుగుదలకు మన హకీములు, వైద్యులు వాడే మరొక దినుసు కుందుర్, అంటే ఒక రకం అడవి చెట్టు నుండి కారే బంక. దాని సారాన్ని మన ఏలూరులోని వైద్య కళాశాలలో 75 మంది మోకాలి రోగులపై 90 రోజులు పరీక్షించి 2008లో ఫలితాలు ప్రచురించారు. ఉత్తి మాత్ర కంటే నొప్పి బాగా తగ్గిందని తేలింది. ఆంధ్ర దేశంలో ఇలాంటి పరీక్ష జరగడం సంతోషించదగ్గదే. అయితే ఆ పరీక్ష జరిపినవారిలో ఆ సారాన్ని తయారుచేసే సంస్థ శాస్త్రజ్ఞులూ ఉన్నారు. అందువల్ల దాన్ని కొట్టిపారేయనక్కరలేదు గాని, ఆ లాభంతో సంబంధం లేనివారు ఎక్కువమంది రోగులపై మళ్ళీ చూడడం న్యాయం. ఫలితం ప్రతిసారీ ఒకేలా రావాలని ఇబ్నె సీనా అన్నది ఇందుకే.

మనం చేయవలసింది

కాల్చిసిన్ కోసం కాశ్మీరు దాకా పోనక్కరలేదు. మన చేల గట్లమీద, పొదలలో అగ్గి మంటలాంటి పువ్వు పూసే అడవినాభి దుంపలోనూ, గింజలోనూ ఉన్నది ఇదే విషం. తమిళనాడు రైతులు ఆ గింజలను మందుల తయారీకే పండిస్తున్నారు. ఆ దుంపను తిని ప్రాణాలు పోగొట్టుకున్నవారు దక్షిణాదిలో ఎందరో. “ఆకు మందు గదా, చెరుపు చేయదు” అన్న మాట ఎంత ప్రమాదమో దీన్ని బట్టి గ్రహించాలి. లెక్క ప్రకారం తయారైన మందు కూడా అలుసైంది కాదు. కాల్చిసిన్ ఇంజెక్షన్ల వల్ల మరణాలు జరిగినందున 2008లో అమెరికా ప్రభుత్వం వాటి తయారీని ఆపించింది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, కొన్ని రకాల యాంటీబయోటిక్ మందులు వాడుతున్నవారు ఈ మాత్రను వైద్యుని అడగకుండా ముట్టుకోరాదు.

ఇంకొక ప్రమాదం ఉంది. సంతలలో, బస్టాండ్లలో పేరులేని కీళ్ళ పొడులు అమ్ముతుంటారు. అలాంటి పొడులలో స్టెరాయిడ్ మందు కలిపిన ఉదంతాలు మన దేశంలో ఎన్నో బయటపడ్డాయి. స్టెరాయిడ్ వేసుకుంటే రెండు రోజుల్లో నొప్పి మాయమవుతుంది. తర్వాత మొహం ఉబ్బుతుంది, షుగరు పెరుగుతుంది, ఎముకలు గుల్లబారుతాయి. హుస్సోన్ సీసాకూ ఈ పొట్లానికీ తేడా ఏముంది? లోపల ఏముందో చెప్పనివాడు అమ్మేది మందు కాదు.

చదువుకున్న హకీములను మేము అనడం లేదు. ఏడవ నిజాం కాలంలో చార్మినార్ పక్కన కట్టిన నిజామియా దవాఖానా నేటికీ రోగులను చూస్తున్నది. 1978లో ఏర్పడిన కేంద్ర యునానీ పరిశోధనా మండలికి హైదరాబాదు ఎర్రగడ్డలో సంస్థ ఉన్నది. యునానీ చికిత్స కోరేవారు అలాంటి చోట్లకు వెళ్ళాలి. ముందుగా తమకున్నది గౌటా, అరుగుదలా, కీళ్ళవాతమా అన్నది రక్త పరీక్షలతో, వైద్యుని చేత తేల్చుకోవాలి. తాము వాడే ప్రతి మందు పేరు, అది యునానీ కానీండి, ఇంగ్లీషు కానీండి, వైద్యునికి దాచకుండా చెప్పాలి.

మన సంఘం ఏటేటా జరిపే సేవా కార్యక్రమాలలో కీళ్ళ రోగుల కోసం ఒక శిబిరం చేర్చితే, హకీమునూ డాక్టరునూ ఒకే బల్ల దగ్గర కూర్చోబెడితే ఎంతో బాగుంటుందని మా సూచన. అలాగే ఉర్దూ మీడియంలో సైన్సు చదివే మన పిల్లలకు ఒక మాట చెప్పదలిచాము. తిబ్ గ్రంథాల భాష మీకు దగ్గరి చుట్టం. ప్రయోగశాల భాష కూడా నేర్చుకుంటే, ఆ గ్రంథాలలో పరీక్షకు నోచుకోకుండా పడి ఉన్న మందులను వెలికితీయగలిగేది మీరే. వాటిలో కొన్ని నిలుస్తాయి, కొన్ని వీగిపోతాయి. వీగిపోయినా సిగ్గు పడవలసింది లేదు. ఏది నిలిచిందో తెలిసినప్పుడే గదా నొప్పితో ఉన్న మనిషికి మనం ధైర్యంగా ఒక మందు చేతిలో పెట్టగలిగేది.